దబ్బగెడ్డలో పద్దెనిమిది నిమిషాలు

"తాళం తియ్యప్పా."

"తియ్యను. ఏటికి తియ్యాల? నువ్వు పోలీసోడివా, కంపెనీవోడివా?"

"రెండూ కాదు."

"మరైతే దారంట పోయేవోడివి. పో."

నారాయణమ్మ సెల్ టవర్ గేటుకి అడ్డంగా నిలబడింది. అరవై దాటిన మనిషి, చుట్టుపక్కల అందరికీ అప్ప, పెద్దక్క లెక్క. టవర్ ఆమె ఐదు సెంట్ల మెరక మీదే వేశారు కాబట్టి కాపలా ఉద్యోగం కూడా ఆమెకే ఇచ్చారు. తాళంచెవి కొంగున ముడేసి ఉంది. కంచె లోపల, జనరేటర్ పక్క సిమెంటు గచ్చు మీద ఉలవలు ఎండబోసుంది.

ఫోన్లు బాగుచేసే స్టాన్లీ గడియారం చూసుకున్నాడు. రెండూ యాభై. ఐదింటికి స్టేషన్లో కేసు రాస్తారు. రాసేస్తే ధర్మేంద్ర తప్పిపోయిన మనిషి కాడు, పారిపోయిన దొంగ. ఆ తరవాత ఈ చుట్టుపక్కల అతని కోసం వెతికేవాడుండడు. జీపులన్నీ ఒరిస్సా దారి పడతాయి.

రోడ్డు పక్కన ఆపిన మోటారుసైకిలు దగ్గర ధర్మేంద్ర భార్య నీలవేణి నిలబడి ఉంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు. సాయం కావాలని స్టాన్లీని వెంట తెచ్చుకుంది ఆమే. రెండు రోజుల్నుంచి నిద్ర లేదు, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. అయినా చేతిలోని ఐదు పేజీల కాగితాన్ని మాత్రం మడత నలగకుండా పట్టుకుంది. తన మొగుణ్ణి దొంగని చేసిన కాగితం అది.

కథ చిన్నదే. ఫోన్లు తయారు చేసే కంపెనీ ఒకటుంది. టవర్‌తో మాట్లాడే చిప్పుని ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ దగ్గర కొనుక్కుని తన ఫోన్లలో పెట్టుకునేది. ఇప్పుడు సొంతంగా తయారు చేసుకుంది. కొన్న చిప్పుకన్నా వేగంగా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి, ఇంకా బజార్లోకి రాని ఫోన్లు ధర్మేంద్రలాంటివాళ్ళ చేతికిచ్చి ఊళ్ళంట తిప్పుతోంది. ఈ జిల్లాలే ఎందుకంటే, ఇక్కడ కొండలున్నాయి, గెడ్డలనే వాగులున్నాయి, ఘడియకోసారి పోయే కరెంటుంది. ఇక్కడ పనిచేస్తే ఎక్కడైనా పనిచేస్తుందట. మన దరిద్రం ఇంకొకడికి పరీక్ష హాలు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ధర్మేంద్ర గరివిడిలో కారు దిగాడు. డ్రైవర్ గోవింద్ చెప్పిన మాట అదొక్కటే. భయపడిపోయి ఇంకో ముక్క నోట్లోంచి రానివ్వడం లేదు. ధర్మేంద్ర లేడు, అతని దగ్గరున్న కొత్త చిప్పు ఫోనూ లేదు. ఆదివారం రాత్రి ఆ ఫోన్ తాలూకు ప్రయాణం రికార్డు కంపెనీ కంప్యూటర్‌కి చేరింది. ఎన్ని గంటలకి ఏ టవర్‌ని పట్టుకుంది, ఎంత వేగం వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. చీపురుపల్లి, దబ్బగెడ్డ, పొందూరు, ఆమదాలవలస, అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం. ఒరిస్సా సరిహద్దు దగ్గర రికార్డు ఆగిపోయింది. చిప్పు అమ్ముకోవడానికి పారిపోయాడని కంపెనీ తేల్చేసింది.

స్టాన్లీ ఆ ఐదు పేజీలూ పదకొండుసార్లు చదివాడు. పదకొండోసారి మూడో పేజీ మీద వేలు ఆగింది.

"సూడప్పా," అన్నాడు గొంతు తగ్గించి. "శనివారం పొద్దున్న కరెంటు తీసినారు కదా? లైను పనని."

"తీసినారు."

"ఎప్పుడు?"

"పదింటికి. మళ్ళీ ఐదున్నరకి గానీ రానేదు. అయితే ఏటి?"

"అంతసేపూ నీ టవర్ పనిచేసిందేటి?"

నారాయణమ్మ మొహం మారింది. "ఎందుకు సెయ్యదు? జనరేటర్ ఉన్నాది. కరెంటు పోతే దానికదే స్టార్ట్ అవుతాది. బ్రహ్మాండంగా సేసింది."

"డీజిల్ ఉన్నాదేటి?"

"ఉండొద్దేటి మరి? శుక్రవారమే ఇరవై లీటర్లు పోసెల్లినాడు టవర్ కంపెనీ కుర్రోడు."

"శనివారం ఇటేపు తెల్లకారులో ఒకాయన వచ్చినాడా? ఫోన్లు పెట్టెలో పెట్టుకు తిరిగే ఆయన?"

"నానెవర్నీ సూడనేదు."

గబుక్కున వచ్చింది ఆ జవాబు. స్టాన్లీ దాన్ని ఓ పక్కన పెట్టుకున్నాడు. ముందు డీజిల్ సంగతి తేలాలి.

"నీ మరిది మడి ఆ గెడ్డ అవతలదే కదా? ఊరంతా నారు ఎండిపోయి గోధుమరంగులో ఉంటే ఆడిదొక్కటీ పచ్చగా ఉన్నాది. గట్టు మీద ఇంజను కూడా సూసినాను. ఇంజను నీళ్ళు తాగి నడవదు."

"ఓలమ్మో! నా మీదెందుకయ్యా పడతావు?"

"నీ మీద పడ్డానికి రానేదప్పా. నీ డీజిల్ నాకొద్దు, ఎవరికీ సెప్పను. అదుగో ఆ పాప పెనిమిటి రెండ్రోజులై కనిపించట్లేదు. నీ టవర్ శనివారం మధ్యాహ్నం బతికుందో, సచ్చిందో, అదొక్కటే నాక్కావాల."

నారాయణమ్మ రోడ్డు వైపు చూసింది. నీలవేణి తల ఎత్తలేదు. ముసలామె కొంగు ముడి విప్పింది.

"శుక్రవారం ఆడిలా పోసెల్లినాడు, నానలా తీసేసినాను," అంది తాళం తీస్తూ. "అడుగున మిగిలిందేదో ఉంటాది. శనివారం కరెంటు పోగానే గురగురమని లేచింది. పావుగంటో, ఇంకాస్తో తిరిగింది. తరవాత ఆగిపోనాది. మళ్ళీ ఐదున్నర దాకా ఈ టవర్ పీనిగే."

"బేటరీలు?"

"పోయినేడే దొంగలెత్తుకుపోనారు. కొత్తవి రానేదు."

స్టాన్లీ లోపలికి వెళ్ళాడు. మాట సాక్ష్యం కాదు. రేపు స్టేషన్లో ఎవడైనా కళ్ళెర్రజేస్తే ఈమే మాట మార్చేస్తుంది. మార్చుకోలేనిది కావాలి.

జనరేటర్ మూత ఎత్తాడు. టాంకులోకి వెదురుపుల్ల దించి తీశాడు. కొసకి మడ్డి అంటింది, తడి లేదు. పక్కన చిన్న అద్దం వెనక గంటల మీటరు ఉంది. ఇంజను తిరిగినంతసేపే ఆ అంకెలు కదులుతాయి, ఆగితే ఆగిపోతాయి. ఇరవై రెండేళ్ళు ఫోన్లు విప్పి బిగించిన చేతులు అతనివి. అద్దం మీద దుమ్ము తుడిచాడు.

4182.9.

గోడకి వేలాడుతున్న అట్టముక్క మీద, డీజిల్ పోసే కుర్రాడు వచ్చినప్పుడల్లా తేదీ, టైము, మీటరు అంకె రాసి సంతకం పెట్టి ఉన్నాడు. ఆఖరి వరస శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు. 4182.6.

తేడా మూడు పదోవంతులు. గంటలో మూడు పదోవంతులంటే పద్దెనిమిది నిమిషాలు.

శుక్రవారం సాయంత్రం నుంచి ఈ సోమవారం మధ్యాహ్నం దాకా ఈ జనరేటర్ తిరిగింది మొత్తం పద్దెనిమిది నిమిషాలు. శనివారం పదింటికి మొదలెడితే పదీ పద్దెనిమిదికి టవర్ పోయింది. కాగితం మూడో పేజీలో ఏముంది? శనివారం మధ్యాహ్నం మూడూ ఇరవై రెండు నుంచి మూడూ నలభై ఒకటి దాకా ధర్మేంద్ర ఫోన్ ఇదే టవర్‌ని పట్టుకుని ఉందట. అదీ మహా జోరుగా.

స్టాన్లీ మీటరుకీ అట్టకీ ఫోటోలు తీశాడు. అద్దంలో తన మొహమే నవ్వుతూ కనబడింది. చాన్నాళ్ళయింది అది చూసి.

కారు తలుపు చప్పుడైంది.

నల్లకారు దిగి వస్తున్నవాడు పృథ్వీరాజ్. హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ భద్రతాధికారి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. పొద్దున్న స్టేషన్లో సీఐ ముందే ఇతను స్టాన్లీని అడిగాడు, మీరు ఎంతవరకు చదివారని. ఎనిమిది అన్నాడు స్టాన్లీ. ఎనిమిదో సెమిస్టరా, అన్నాడు ఇతను. సీఐ నవ్వాడు. సీఐ నవ్వాడు కాబట్టి కానిస్టేబుళ్ళూ నవ్వారు.

"మిస్టర్ స్టాన్లీ! ఇక్కడేం రిపేర్ చేస్తున్నారు?"

"మీ కాగితాన్ని."

"రికార్డులో ఉన్న టవర్లన్నీ నేను స్వయంగా చూసుకుంటూ వస్తున్నాను. కేసుకి కావాలి. మీరు తప్పుకుంటే పని చేసుకుంటాను." నీలవేణి వైపు తిరిగాడు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇలాంటివాళ్ళ వెంట తిరిగితే పోయిన మనిషి రాడు. అతను ఒరిస్సా సరిహద్దు దాటి ఇరవై నాలుగు గంటలు అయిపోయింది."

"మా ఆయన దొంగ కాదండీ," అంది నీలవేణి.

"ఫోన్ అబద్ధం చెప్పదమ్మా. మనుషులు చెబుతారు."

అక్కడే స్టాన్లీకి మండింది. గేటు మీద రంగుతో రాసిన టవర్ నంబరు మీద అరచేత్తో చరిచాడు. "ఈ నంబరు చదవండి సార్. మీకు చదువుంది కదా. మూడో పేజీలో ఉన్నదిదేనా?"

పృథ్వీరాజ్ చూశాడు. "ఇదే. అయితే?"

"శనివారం పదింటి నుంచి ఐదున్నర దాకా ఈ లైను మీద కరెంటు లేదు. కరెంటాఫీసు వాళ్ళు ముందురోజే నా ఫోన్‌కి మెసేజ్ పెట్టారు, ఇదుగో."

"జనరేటర్ ఉంటుంది."

"రండి, సూపిస్తాను."

చూపించాడు. పుల్ల చూపించాడు, మీటరు చూపించాడు, అట్టముక్క చూపించాడు. ఒక్కొక్కటీ చూపిస్తూ ఇస్త్రీ చొక్కా వైపే చూశాడు. పృథ్వీరాజ్ వంగి అద్దంలోకి తొంగిచూశాడు. మెడ వెనక చెమట పట్టింది.

"మీటరు చెడిపోయి ఉండొచ్చు."

"అట్ట మీద పై వరసలు సూడండి. ప్రతివారం కదిలింది. శుక్రవారం దాకా బాగున్న మీటరు శనివారం మీకోసం చెడిపోయిందా?"

"ఫోన్ పక్క టవర్‌ని పట్టుకుని ఉండొచ్చు."

"మరి కాగితంలో ఈ నంబరెందుకున్నాది? ఫోన్ అబద్ధం చెప్పదన్నారు కదా సార్, ఇప్పుడే."

పృథ్వీరాజ్ నిటారుగా లేచాడు. మొహంలో వెటకారం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. దాన్ని స్టాన్లీ ఓటమి అనుకున్నాడు.

"అయితే మీరనేది?"

"ఈ రికార్డు ఫోన్ రాసింది కాదు. మనిషి రాసింది. ఎక్కడో కుర్చీలో కూచుని, పాత రికార్డు తీసి, తేదీలు మార్చి అతికించాడు. ఈ టవర్ సంగతి తెలీని మారాజెవడో. ధర్మేంద్ర ఒరిస్సా ఎల్లనేదు. ఇక్కడే, గరివిడి చుట్టుపక్కలే ఉన్నాడు. ఐదింటికి నేను స్టేషన్లో సెప్పబోయేదిదే."

"అది ధర్మేంద్ర సొంత పాస్‌వర్డుతో వచ్చిన ఫైలు."

"పాస్‌వర్డు ఇంకెవడికి తెలుసో మీరే ఎతుక్కోండి. నేను ఎనిమిదే చదివాను."

పృథ్వీరాజ్ రోడ్డు మీద అటూ ఇటూ చూశాడు. తరవాత చాలా మర్యాదగా అడిగాడు: "ఇది ఇంకెవరికి చెప్పారు?"

"ఎవరికీ నేదు. ముందు మీకే."

"మంచిది." చెయ్యి జాపాడు. స్టాన్లీ ఆ చెయ్యి పట్టుకున్నాడు కూడా. "మీరన్నది నిజమే కావచ్చు. నేను ముందు వెళ్ళి సీఐ గారితో మాట్లాడి కేసు ఆపిస్తాను. మీరు నెమ్మదిగా రండి."

కారు కదిలింది. మూడూ ఇరవై ఐదు.

నీలవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె గొంతులో ఊపిరాడింది. "కేసు ఆపుతారంటారా బాబాయ్?"

"ఆపకేం సేస్తారు? నోరెత్తనేకపోయాడు, సూసేవు కదా."

గేటు దగ్గర నారాయణమ్మ ఇంకా కదల్లేదు. నీలవేణినే చూస్తోంది. దగ్గరికొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"తల్లీ, నీ పెనిమిటి సన్నగా, పొడుగ్గా ఉంటాడా? మెడలో ఎర్రదారం కడతాడా?"

"అవునమ్మా! సూసేరా?"

"ఇందాక అబద్ధం ఆడేను. నా ఉజ్జోగం పోతాదని భయం. ఆ బాబు నాలుగుసార్లు నా మీద కంప్లైంటు రాసినాడు, డీజిల్ తీసేస్తన్నానని. శనివారం పొద్దున్న కూడా వచ్చినాడు. పదకొండు అయ్యుంటాది. టవర్ సచ్చిపోయుందని ఎగిరెగిరి పడినాడు. సాయంత్రం దాకా కరెంటు రాదు, నువ్వెంత ఎగిరినా ఈ టవర్ లెగదు బాబూ అని నానే సెప్పేను. నవ్వేసి ఎల్లిపోనాడు. మంచోడే."

స్టాన్లీ ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ సెప్పప్పా. టవర్ సాయంత్రం దాకా లేవదని ఆడికి తెలుసా?"

"నా నోటితో నానే సెప్పేను కదా."

స్టాన్లీకి అప్పుడు వెలిగింది. ఆ ఫైలు ధర్మేంద్ర పాస్‌వర్డుతోనే వచ్చింది. రాసింది ధర్మేంద్రే. నెత్తి మీద ఎవడో నిలబడి రాయించాడు, ఒరిస్సా వెళ్ళినట్టు రాయమని. అతను రాశాడు. రాస్తూ రాస్తూ, సచ్చిపోయుందని తనకి బాగా తెలిసిన టవర్‌ని మధ్యలో పెట్టాడు. నెత్తి మీదున్నవాడికి తెలీదు. ఈ ఊరి కరెంటు, ఈ ముసలిదాని డీజిల్ తెలిసినవాడెవడైనా ఒక్కడు చూస్తాడని, ఆ ఒక్కడి కోసం పెట్టాడు. అది పొరపాటు కాదు, కేక.

ఆ కేక విన్న ఒకే ఒక్కడు, ఇస్త్రీ చొక్కా ముందు గొప్ప చూపించుకోవడానికి, దాన్ని విడమరిచి మరీ చెప్పాడు. పుల్ల ముంచి చూపించాడు.

కూడలి వైపు తిరిగాడు. ఎడమకి తిరిగితే ఆమదాలవలస, స్టేషను. పృథ్వీరాజ్ కారు దుమ్ము కుడివైపు లేస్తోంది. గరివిడి రోడ్డు.

"బాబాయ్? ఏటయింది?"

జవాబు చెప్పేలోగా నీలవేణి ఫోన్ మోగింది. తెర మీద మొగుడి పేరు చూసి ఆమె అరిచినంత పనిచేసింది. స్టాన్లీ వద్దని సైగ చేసేలోగా ఎత్తేసింది. అతను చప్పున స్పీకర్ నొక్కాడు.

"నీలా." బొంగురుపోయిన గొంతు. కాగితం చూసి చదువుతున్నట్టు పొడిపొడిగా వస్తోంది మాట. "నేను ఒరిస్సాలో ఉన్నాను. బాగున్నాను. నువ్వు స్టేషన్‌కెళ్ళు. 'మా ఆయన నెలరోజుల్నుంచీ పారిపోవాలని చూస్తున్నాడు, నాకు తెలుసు' అని రాసి సంతకం పెట్టు. ఐదింటిలోగా. ఆ టవర్ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. ఎత్తితే..."

ఏదో మెత్తగా తగిలిన చప్పుడు. అబ్బా అన్న మూలుగు. ఫోన్ తెగిపోయింది.

కారు వెళ్ళి ఆరు నిమిషాలు. ఆలోపే పృథ్వీరాజ్ దారిలోంచి ఫోన్ చేసి చెప్పేశాడన్నమాట. దుమ్ము ఇంకా అణగలేదు.

నీలవేణి ఏడవలేదు. ఏడుస్తుందనుకున్నాడు స్టాన్లీ. ఆమె ఫోన్ వైపే చూస్తూ నిలబడింది. నారాయణమ్మ మాత్రం నోట్లో కొంగు కుక్కుకుంది.

"టవర్ సంగతి వాళ్ళకెలా తెలిసింది?" అంది నీలవేణి.

"నేనే సెప్పేను."

ఆమె అతని మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది.

"సంతకం పెడితే వదిలేస్తారా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ పూటకి తను చేసిన వెధవ పని చాలు.

"వదలరమ్మా. చిప్పు అమ్ముకునేది వాళ్ళే. ఆ ఫోన్ ఆడి వేలిముద్ర లేకుండా తెరుచుకోదు, అందుకే రెండ్రోజులు బతకనిచ్చారు. ఇప్పుడు నీ సంతకం కావాల, అందుకే ఇంకా ఉంచారు. నువ్వు సంతకం పెట్టిన నిమిషం నుంచి ఆణ్ణి వెతికేవోడుండడు. ఆడితో వాళ్ళకి పనీ ఉండదు."

"పెట్టకపోతే?"

"ఐదు దాటిందంటే నువ్వు ఎదురు తిరిగేవని తెలిసిపోతాది."

నీలవేణి ఐదు పేజీల కాగితాన్ని మడిచి జాకెట్టులో దోపుకుంది. పొందూరు వైపు పోతున్న ఆటోకి చెయ్యెత్తింది. ఆగింది.

"ఎక్కడికి?" అన్నాడు స్టాన్లీ.

"స్టేషన్‌కి. ఐదింటికి అక్కడ కూచుని, అందరూ సూస్తుండగా కాగితం అడుగుతాను. రాస్తాను. ఆయన పేరు రాస్తాను, పెళ్ళయిన తేదీ రాస్తాను, అత్తమావల పేర్లు రాస్తాను. తప్పు రాసి కొట్టేస్తాను. ఇంకో కాగితం అడుగుతాను. మంచినీళ్ళడుగుతాను." ఆటోలో కాలు పెట్టింది. "సంతకం పెట్టే దాకానే కదా ఆయన బతికుండేది? నేనెంత నెమ్మదిగా రాయగలనో వాళ్ళకి తెలీదు. మీరు గరివిడి ఎల్లండి."